సీలు చెదరని పెట్టె

"నా కంప్యూటర్ని ఎవరో దొంగిలించారండీ. పెట్టె మాత్రం బల్ల మీదే ఉంది."

వచ్చినావిడ కుర్చీలో కూర్చోకుండానే ఈ మాట అనేసింది. అన్నాక అది తనకే పిచ్చిమాటలా వినబడింది కాబోలు, వెళ్ళిపోదామా అన్నట్టు తలుపు వైపు చూసింది. ముప్పై దాటిన మనిషి. చేతిలోని సంచీ పట్టీని మెలిపెడుతూనే ఉంది.

"కూర్చోండమ్మా," అన్నారు భూతద్దం గారు. "నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఇలాగే మొదలుపెడతారు. నెమ్మదిగా చెప్పండి."

డిటెక్టివ్ భూతద్దం గారంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. ఆయన దగ్గర భూతద్దం అంటూ ఏదీ లేదు, సోడాబుడ్డి కళ్ళద్దాలున్నాయి అంతే. ఆయన్ని క్షణం వదలకుండా తిరిగే అసిస్టెంటుకి జనం తోక అని పేరు పెట్టారు. తోక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు, వయసులో ఆయనకంటే పెద్ద. అయితేనేం, భూతద్దం గారు తుమ్మినా అందులో ఏదో పరిశోధన ఉంటుందని గట్టిగా నమ్మే మనిషి. ఆ నమ్మకం ఎవరికీ నష్టం చేసేది కాదు గనక ఎవరూ కాదనేవారు కారు.

ఆవిడ చెప్పుకొచ్చింది. ఇళ్ళకీ భవనాలకీ ప్లాన్లు గీసే ఆఫీసు వాళ్ళది. మామగారు జీవితమంతా డ్రాయింగ్ బోర్డు మీద చేత్తో గీసినవాడు, ఊళ్ళో సగం ఇళ్ళు ముందు ఆయన పెన్సిల్ కింద పుట్టినవే. పెద్దకొడుకు, అంటే ఆవిడ బావగారు, ఆఫీసు వ్యవహారాలు చూస్తాడు. ఆవిడ భర్త పొద్దస్తమానం సైట్ల మీద తిరుగుతుంటాడు. ఆవిడ ఇదే చదువు చదువుకుని కూడా, కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి ఫోన్లకి జవాబు చెప్పడం, మామగారు గీసినవాటికి నకళ్ళు తియ్యడం, అంతే. ఎట్టకేలకి ధైర్యం చేసి కంప్యూటర్ కావాలని అడిగింది. మామగారు బోర్డు మీంచి తలెత్తకుండా, "నీ ఇష్టం, కొనుక్కో. నేను మాత్రం దాన్ని ముట్టుకోను," అన్నాడట.

"ఎలా ఎంచుకున్నారు?" అని అడిగారు భూతద్దం గారు.

ఆ ప్రశ్నతో ఆవిడ వేరే మనిషైపోయింది. సంచీ పట్టీ వదిలేసింది.

"షాపులో ముందు రంగురంగుల లైట్లు మెరిసేవి చూపించారండీ. అవి ఆటలాడుకునేవాళ్ళకి, వద్దన్నాను. బావగారు తన స్నేహితుడి దగ్గర పల్చటిది, చేత్తో పట్టుకుపోయేది చూసిపెట్టారు. దాని తెర చిన్నది, రోజంతా నడిస్తే వేడెక్కి మందగిస్తుంది. మాకు రెండు రకాల పని. ప్లాను గీతలు గీసుకోవడానికి మంచి ప్రాసెసర్, సరిపడా మెమరీ ఉంటే చాలు. అదే ఇంటిని తెర మీద నిలబెట్టి, చుట్టూ తిప్పి, గుమ్మంలోంచి లోపలికి నడిపించి చూపించాలంటే విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. పెట్టె అందం దగ్గర తగ్గాను, కీబోర్డు దగ్గర తగ్గాను. ఆ కార్డు దగ్గర మాత్రం తగ్గలేదు."

తోక నోరు తెరుచుకుని విన్నాడు. తన ఇంట్లో టీవీ కొన్నప్పుడు కూడా ఎవరూ ఇంత వివరంగా చెప్పలేదు మరి.

కొన్న కొత్తలో కంప్యూటర్ గాలిలా పనిచేసింది. మొన్న ఆదివారం ఆఫీసు గోడలకి రంగులు వేయించారు. సోమవారం వచ్చి చూస్తే, ప్లాన్లు మామూలుగానే గీస్తోంది గాని, భవనాన్ని తిప్పబోతే ముక్కుతూ మూలుగుతూ ఆగిపోతోంది. కార్డు లోపల ఉన్నట్టే తెర మీద చూపిస్తోంది, పని మాత్రం చెయ్యడం లేదు. అసలుది తీసి నకిలీది పెట్టారని బావగారి మాట. అయితే ఆ పెట్టెకి షాపువాడు వేసిన సీలు కాగితం చెక్కుచెదరలేదు. అది చింపకుండా లోపల చెయ్యి పెట్టడం ఎవరివల్లా కాదు. కాబట్టి షాపువాడే మొదట్నుంచీ నకిలీది అంటగట్టాడు, మరదలు కళ్ళు మూసుకుని తెచ్చింది, లేదా కళ్ళు తెరుచుకునే తెచ్చింది. బావగారు ఈ చివరి ముక్క నోటితో అనలేదు, చూపులతో అనేశాడు. ఆవిడ షాపుకి ఫోన్ చేసి "మీరిచ్చింది అసలు కార్డేనా?" అని అడిగేసరికి షాపువాడికి ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాడు.

"రేపు పొద్దున డాక్టరమ్మ వస్తారండీ," అంది ఆవిడ. "కొత్త ఆస్పత్రి కట్టిస్తున్నారు. నా మొదటి డిజైన్. కట్టకముందే లోపల నడిచి చూడాలని ఆవిడ కోరిక. అది చూపించలేకపోతే పని ఇంకొకళ్ళకి పోతుంది. కంప్యూటర్ని తిరిగి ఇచ్చేసి, నన్ను మళ్ళీ ఫోను దగ్గర కూర్చోబెట్టాలని బావగారు అంటున్నారు. మామయ్యగారు అవుననలేదు, కాదనలేదు. ఆయన తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు."

తోక టీ కప్పు ఆవిడ ముందుకు జరిపాడు. అతను చెయ్యగల సాయాల్లో అది ముఖ్యమైనది.

భూతద్దం గారు ఒక కాగితం ఇచ్చి ఆఫీసు గది గీసి చూపించమన్నారు. ఆవిడ కప్పు పక్కకి నెట్టి ఎడంచేత్తో పెన్సిల్ అందుకుంది. తోక ఆ చెయ్యి వైపు చూడటం గమనించి, "చిన్నప్పట్నుంచీ ఇంతేనండీ," అని నవ్వింది. చూస్తుండగానే గది కాగితం మీదికి వచ్చేసింది. ఒకే పెద్ద కిటికీ. మామగారి బోర్డు, బావగారి బల్ల, తక్కిన బల్లలు అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ముందు వరసలో ఉన్న ఆవిడ బల్ల ఒక్కటే వాళ్ళకి ఎదురు తిరిగి ఉంది.

"ఇది మొదట్నుంచీ ఇలాగే ఉందా?"

"లేదండీ, అందరిలాగే అటు ఉండేది. రంగులవాళ్ళు జరిపినప్పుడు తిప్పేసినట్టున్నారు. ఎందుకో గాని ఇలాగే హాయిగా అనిపించి వదిలేశాను."

భూతద్దం గారు ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

మధ్యాహ్నం ఇద్దరూ ఆఫీసుకి వెళ్ళారు. మెట్లెక్కుతుంటేనే కొత్త రంగు వాసన ముక్కుకి తగిలింది. బావగారు గుమ్మంలోనే ఎదురొచ్చి ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. ఇంటి విషయానికి బయటివాళ్ళెందుకని ముందు గొణిగాడు, తర్వాత ఎలాగూ వచ్చారు గదా అని తన అనుమానాలన్నీ ఏకరువు పెట్టాడు. చెడ్డవాడేం కాదు. ఏదన్నా తేడా వస్తే ముందు ఎవరో ఒకరు దొరికితే గాని నిద్రపట్టని రకం, అంతే.

"ఇదిగో చూడండి," అన్నాడు గొంతు తగ్గించి. "కంప్యూటర్ వెనక భాగమే మాకు కనిపిస్తుంది. తెర మీద ఏం చేస్తోందో మాకు తెలియకుండా బల్ల తిప్పుకుంది మా మరదలు. తప్పు చెయ్యనివాళ్ళకి ఆ అవసరం ఏముంటుంది?"

పక్కనే నిలబడ్డ ఆవిడకి తల కొట్టేసినట్టయింది. భూతద్దం గారు కంప్యూటర్ పని చూపించమన్నారు. ప్లాను గీతలు చకచకా పడ్డాయి. ఆస్పత్రి భవనాన్ని నిలబెట్టి తిప్పగానే తెర బిగుసుకుపోయింది. కదిలిందనుకునే లోపు మళ్ళీ ఆగింది. సీలు కాగితం ఆయన గోటితో తడిమి చూశారు. కొత్త కాగితంలా నున్నగా ఉంది.

తర్వాత ఆ వయసులో ఉన్న మనిషి చెయ్యకూడని పని చేశారు. నేల మీద బోర్లా పడుకుని బల్ల కాళ్ళ కింద చూశారు. తోక కూడా పడుకోబోయి, నడుం గుర్తొచ్చి వంగి ఊరుకున్నాడు. నేల మీద బల్లకాళ్ళ పాత గుంటలు స్పష్టంగా ఉన్నాయి. ఇప్పుడు బల్ల వాటి మీద లేదు. ఒక కాలు కింద, బల్ల ఊగకుండా, మడతలు చక్కగా కలిసేలా మడిచిన పల్చటి ట్రేసింగ్ కాగితం ఉంది. కొద్దిగా వెలుపలికి వచ్చిన దాని అంచు పట్టి చూసి, మళ్ళీ అలాగే లోపలికి నెట్టేశారు.

మామగారు కిటికీ పక్కన బోర్డు దగ్గర గీసుకుంటూనే ఉన్నాడు. పక్కన ట్రేసింగ్ కాగితాల చుట్టలు. పెన్సిళ్ళన్నీ పొడవు వరసలో పేర్చి ఉన్నాయి. కంపాస్ ముల్లు ఎవరికీ గుచ్చుకోకుండా దాని కొసకి చిన్న నల్లటి రబ్బరు ముక్క గుచ్చి ఉంది. భూతద్దం గారు పక్కన నిలబడి, ఆదివారం ఆయన ఇక్కడికి వచ్చారా అని అడిగారు.

"వచ్చాను. రంగులవాళ్ళు వెళ్ళాక తాళం వెయ్యాలి గదా."

"కంప్యూటర్ పెట్టెని ఎవరైనా విప్పడం చూశారా?"

"దాన్నెవరూ విప్పలేదు," అన్నాడు పెద్దాయన. ఆ మాట మాత్రం చాలా గట్టిగా అన్నాడు. తర్వాత కోడలి వైపు ఒకసారి చూసి, మళ్ళీ గీతలోకి దిగిపోయాడు.

కిందికి దిగి భూతద్దం గారు రెండు ఫోన్లు చేశారు. రంగుల మేస్త్రీ తన పనివాళ్ళు సామాను ఎక్కడ తీసింది అక్కడే, నేల మీద గుర్తుల్లోనే పెట్టారని, కావాలంటే ప్రమాణం చేస్తానని అన్నాడు. షాపువాడు మొదట అగ్గిమీద గుగ్గిలం అయ్యాడు. భూతద్దం గారు అతని కోపం చల్లారేదాకా విని, అతని పనితనం గురించి అడిగారు. దాంతో మెత్తబడ్డాడు. తన షాపులో ఎంత శ్రద్ధగా బిగిస్తారో చెబుతూ, వాడకూడని సాకెట్లకి మూతలు కూడా పెట్టి మరీ ఇస్తామన్నాడు. సాయంత్రం ఆఫీసుకి రమ్మంటే వస్తానన్నాడు.

"బావగారే," అన్నాడు తోక టీ కొట్టు దగ్గర. "ఆయన చెప్పిన మెషిను కొనలేదన్న కక్ష. సీలు మాత్రం ఎలా చింపకుండా తీశాడో మీరు చెప్పాలి."

"ఎవరు తీశారని మీరు అడుగుతున్నారు. అసలేమైనా తీశారా అని నేను అడుగుతున్నాను," అన్నారు భూతద్దం గారు. తోకకి ఇది అర్థం కాలేదు. కాకపోయినా గొప్పగా అనిపించి తల ఊపాడు.

సాయంత్రం కిటికీలో ఇంకా వెలుతురు ఉండగానే అందరూ ఆఫీసులో చేరారు. షాపువాడు చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. బావగారు కుర్చీ అంచున కూర్చున్నాడు. కోడలు తన బల్ల దగ్గర, ఉరిశిక్ష వినబోయే మనిషిలా నిలబడింది. మామగారు ఈసారి పెన్సిల్ కింద పెట్టాడు.

"ఈ కేసులో దొంగ లేడు," అని మొదలుపెట్టారు భూతద్దం గారు. "సీలు చెదరలేదు, అంటే లోపలికి ఎవరూ చెయ్యి పెట్టలేదు. కార్డు ఉన్నట్టు కంప్యూటరే చెబుతోంది. కొన్న కొత్తలో బ్రహ్మాండంగా పనిచేసింది, అంటే నకిలీదీ కాదు. ఇన్ని సాక్ష్యాలు ఒకే మాట చెబుతుంటే మనం నమ్మం, మనుషుల్ని అనుమానిస్తాం. లోపలేమీ మారలేదు. ఆదివారం మారింది బయట. బయట ఉండేవి వైర్లే కదా. షాపు ఆయన ఒక్కసారి వెనక్కొచ్చి చూడాలి."

షాపువాడు వచ్చి వంగి చూశాడు. చూసి నుదుటి మీద కొట్టుకున్నాడు.

"తెర వైరు పై సాకెట్లో ఉందండీ. ఇది కార్డుది కాదు, మామూలు అవసరాలకి ఉండేది. కార్డు సాకెట్లు ఈ కింద ఉన్నాయి. పైవాటిలో ఎవరూ పెట్టకూడదనే మూతలు పెట్టి ఇస్తాం. ఇందులో ఒక మూత లేదు."

"అమ్మా, మీ చేత్తోనే మార్చండి," అన్నారు భూతద్దం గారు.

ఆవిడ కంప్యూటర్ ఆపి, వైరు కింది సాకెట్లో పెట్టి, మళ్ళీ వెలిగించింది. ఆస్పత్రిని నిలబెట్టింది. తిప్పింది. భవనం ఎక్కడా తడబడకుండా చుట్టూ తిరిగి, గుమ్మం తెరుచుకుని, వరండాలోకి తీసుకెళ్ళింది. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"అయితే ఆ రంగులవాళ్ళ పనే," అన్నాడు బావగారు. కొత్తగా ఒకళ్ళు దొరికేసరికి ఆయన ప్రాణం కుదుటపడింది.

"కాదు. వాళ్ళు బల్లని పాత గుంటల్లోనే పెట్టి వెళ్ళారు. తర్వాత ఇంకెవరో తిప్పారు. ఊగకుండా కాలు కింద ట్రేసింగ్ కాగితం మడిచి పెట్టారు. రంగులవాళ్ళకి ట్రేసింగ్ కాగితం ఎక్కడిది?" భూతద్దం గారు గది మధ్యకి నడిచారు. "ఈ గదిలో బల్లలన్నిటికీ కిటికీ ఎడంవైపు ఉంది. ఎందుకంటే కుడిచేత్తో గీసేటప్పుడు వెలుతురు ఎడంవైపు నుంచి రావాలి. లేకపోతే చేతి నీడ గీత మీద పడుతుంది. బోర్డు మీద పని నేర్చుకున్న ప్రతివాళ్ళకీ ఇది మొదటి రోజే నేర్పుతారు. ఈ ఒక్క బల్లకి మాత్రం ఇప్పుడు వెలుతురు కుడివైపు నుంచి వస్తోంది. అది ఎవరికి సరైన వెలుతురు?"

ఆవిడ తెలియకుండానే బల్ల మీది పెన్సిల్ అందుకుంది. బావగారి కళ్ళు మరదలి చేతి మీద ఆగాయి. పెన్సిల్ ఎడంచేతిలో ఉంది. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళుగా ఉంటూ ఆయన ఆ సంగతి ఇప్పుడే చూస్తున్నట్టున్నాడు.

"తెర దాచుకోవడానికి తిప్పిన బల్ల కాదు ఇది," అన్నారు భూతద్దం గారు. "ఈ అమ్మాయి ఏ చేత్తో గీస్తుందో, నీడ ఎక్కడ పడుతుందో రోజూ చూసిన మనిషి తిప్పిన బల్ల. అయ్యా, మీ కంపాస్ ఒకసారి ఇస్తారా?"

మామగారు కంపాస్ అందించాడు. షాపువాడు ముల్లుకి గుచ్చిన నల్ల రబ్బరు ముక్క చూసి, "మా మూతే," అన్నాడు.

పెద్దాయన కంపాస్ వెనక్కి తీసుకుని పెన్సిళ్ళ పక్కన పెట్టాడు. మాటలు ఆయనకి అలవాటు లేని పని.

"కంప్యూటర్ పక్కన కాగితం పెట్టుకుని ముందు పెన్సిల్‌తో గీసుకుంటుంది," అన్నాడు చివరికి. "నీడ పడుతోందని మెడ ఒక పక్కకి వంచి గీసేది. మొదటి రోజు నుంచీ చూస్తున్నాను. అలా గీస్తే కొన్నాళ్ళకి మెడ పట్టేస్తుంది. నాకు తెలుసు. ఆదివారం ఎలాగూ ఎవరూ లేరు, తిప్పాను. తిప్పుతుంటే వైరు ఊడింది. అది పట్టే చోటు చూసి, మూత తీసి పెట్టాను. తెర వెలిగింది. వెలిగింది గదా, సరిపోయిందనుకున్నాను."

"చెప్పచ్చు గదా నాన్నా," అన్నాడు పెద్దకొడుకు.

"ముట్టుకోనని అందరి ముందూ అన్నాను గదా. ఇప్పుడు ముట్టుకున్నానని ఎలా చెప్పను? మీరు లోపలిది పోయిందంటున్నారు. లోపల నేను చెయ్యి పెట్టలేదు. నావల్లేనని తెలిస్తే ఆ పూటే చెప్పేవాణ్ణి. ఒట్టు." ఆయన కోడలి వైపు తిరిగాడు. "నిన్ను ఏడిపించానమ్మా."

"లేదు మామయ్యగారూ," అంది ఆవిడ. ఆయన మౌనాన్ని ఇన్నాళ్ళూ అయిష్టం అనుకుని కుమిలిపోయిన మనిషి, ఇప్పుడు ఆ మౌనం తన చేతినే కనిపెట్టుకుని ఉందని విన్నది. బావగారు లేచి, ఎటు చూడాలో తెలియక కిటికీ రెక్క సర్దాడు. తొందరపడ్డానమ్మా, ఏమీ అనుకోకు అని ఆ కిటికీతోనే అన్నట్టు అన్నాడు. షాపువాడు కూడా ఫోన్ పెట్టేసినందుకు నొచ్చుకున్నాడు. ఆ మూత మీ దగ్గరే ఉంచుకోండి, ముల్లుకి చక్కగా సరిపోయింది అని పెద్దాయనతో చెప్పాడు.

భూతద్దం గారు తోకని చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు లాగారు. తోకకి ఇంకా చూడాలని ఉంది. మెట్ల దగ్గర నిలబడి తొంగి చూశాడు.

కోడలు ఆస్పత్రిలో నడుస్తోంది. వరండా దాటి, మందుల గది దాటి, డాక్టరమ్మ గదిలోకి వెళ్ళింది. మామగారు తన స్టూలు ఎత్తుకుని వచ్చి, ఆవిడ పక్కన వేసుకుని కూర్చున్నాడు. తెర వైపు ముఖం దగ్గరగా పెట్టి చూశాడు.

"బల్ల ఇక్కడ, కిటికీ ఇక్కడ. అంతేనా?"

"అంతే మామయ్యగారూ. బావుందా?"

"బావుంది. కిటికీ ఇటే ఉంచాలో, ఆ గోడకి మార్చాలో మాత్రం రేపు తేల్చుదాం," అన్నాడు పెద్దాయన. "డాక్టరమ్మ రాగానే ఆవిడ ఏ చేత్తో రాస్తుందో ముందు కనుక్కో."